విద్యార్థులకు అడగడం నేర్పి పంపండి: విదేశీ చదువులకు సిద్ధం చేసేవారికి బహిరంగ లేఖ

భాషా శిక్షకులకు, కన్సల్టెన్సీల్లోని సలహాదారులకు, ప్రయాణానికి ముందు ఓరియెంటేషన్ తరగతులు నడిపేవారికి,

నమస్కారం.

విదేశాల నుంచి వచ్చి చేరిన విద్యార్థులకు అకడమిక్ రాతలో, సెమినార్లలో మాట్లాడటంలో తోడ్పడటం నా ఉద్యోగం. మీ పని ముగిసిన చోట నా పని మొదలవుతుంది. మీరు పరీక్ష రాయించి, దరఖాస్తు నింపించి, వీసా ఇంటర్వ్యూకు తయారుచేసి విమానం ఎక్కించిన పిల్లలు సెమిస్టర్ మొదలైన కొద్ది వారాలకే నా గది తలుపు తడతారు. వాళ్లలో చాలామందికి భాష నిక్షేపంగా వచ్చు. ప్రొఫెసర్‌కు ఈమెయిల్ ఎలా రాయాలో తెలియక వస్తారు. గ్రూపు చర్చలో మాట ఎక్కడ అందుకోవాలో తెలియక వస్తారు. అర్థం కాలేదని ఎవరితో, ఎలా చెప్పాలో తెలియక వస్తారు. కొందరు వచ్చేసరికే ఒక కోర్సు చేజారిపోయి ఉంటుంది. అసలు రాకుండా తమలో తామే కుమిలిపోయేవాళ్ల సంగతి తలుచుకుంటే ఇంకా బాధ.

ప్రపంచంలో 60 లక్షల మందికి పైగా విద్యార్థులు తమది కాని దేశంలో చదువుకుంటున్నారని యునెస్కో లెక్కలు చెబుతున్నాయి. వాళ్లందరినీ ఎవరో ఒకరు మీలాగే సిద్ధం చేసి పంపారు. అందుకే మిమ్మల్ని ఒకటే కోరుతున్నాను. భాషతో పాటు ఆ భాషలో అడగడం, కాదనడం, మధ్యలో మాట కలపడం, అర్థం కాలేదని చెప్పడం కూడా నేర్పి పంపండి. ఇవి పుట్టుకతో వచ్చే గుణాలని, అక్కడికి వెళ్లాక వాటంతటవే అలవడతాయని చాలామంది అనుకుంటారు. నేర్పితే వచ్చే పనులు ఇవి. నేర్పకపోతే చాలా ఆలస్యంగా, చాలా నష్టపోయాక వస్తాయి.

ఒక ఈమెయిల్ సంగతి చెబుతాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను. రాసింది మాస్టర్స్ మొదటి సెమిస్టర్ విద్యార్థిని. ఆమెకు కావలసింది వ్యాసం సమర్పించడానికి ఇంకో నాలుగు రోజుల గడువు. ఈమెయిల్ ప్రొఫెసర్ కుశలం అడగడంతో మొదలవుతుంది. ఆయన పాఠాలు తనకు ఎంతగా ఉపయోగపడుతున్నాయో రెండో పేరా. జ్వరం రావడం, అదే వారం గది మారాల్సి రావడం, కొత్త గదిలో ఇంటర్నెట్ లేకపోవడం మూడో పేరా, నాలుగో పేరా. "మీ విలువైన సమయం తీసుకుంటున్నందుకు మన్నించండి, మీరు ఏం చెప్పినా నాకు సమ్మతమే" అని ముగింపు. ఏ వ్యాసమో లేదు. ఎన్ని రోజులు కావాలో లేదు. గడువు పెంచమన్న మాటే ఎక్కడా లేదు.

ప్రొఫెసర్ జవాబు ఒక్క వాక్యం: "తెలియజేసినందుకు ధన్యవాదాలు, త్వరగా కోలుకోండి." ఆమె దాన్ని అనుమతిగా చదువుకుంది. ఆమె తన పరిస్థితి తెలియజేసిందంతేనని ఆయన అనుకున్నాడు. వ్యాసం నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది, మార్కులు కోతపడ్డాయి. మాట ఇచ్చి తప్పారని ఆమె కుమిలింది. నియమాలంటే లెక్కలేని మనిషని ఆయన అనుకున్నాడు. నిజానికి ఇద్దరూ తమకు తెలిసిన మర్యాద ప్రకారమే నడుచుకున్నారు. కష్టం చెప్పుకుంటే చాలు, ఏం కావాలో పెద్దవాళ్లే గ్రహిస్తారన్న నమ్మకంలో ఆమె పెరిగింది. నోరు తెరిచి అడగడం అంటే ఎదుటివారిని ఇరకాటంలో పెట్టడమే ఆమె లెక్కలో. ఆయన పెరిగిన చోట అడగనిది ఊహించుకోవడం అతిచొరవ కిందికి వస్తుంది. చెప్పని భాగాన్ని వినేవారు పూరించుకుంటారని ఆశించే సమాజాలు కొన్ని, అంతా మాటల్లోనే పెట్టాలని ఆశించేవి కొన్ని ఉన్నాయని అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1976లోనే వివరించాడు. ఆమె ఈమెయిల్ మొదటి రకం, చదివిన ఆయన రెండో రకం.

తర్వాత ఆమె, నేను కూర్చుని ఆ ఈమెయిల్‌ను తిరగరాశాం. "ఫలానా కోర్సులో రెండో వ్యాసానికి గడువు శుక్రవారం. ఈ వారమంతా జ్వరంతో ఉన్నాను, డాక్టర్ చీటీ జత చేశాను. మంగళవారం వరకు సమయం ఇవ్వగలరా? కుదరకపోతే ఇప్పటిదాకా రాసినదాన్ని శుక్రవారమే సమర్పిస్తాను." నాలుగు వాక్యాలు. గౌరవం ఇక్కడ ఎక్కడ ఉందని ఆమె అడిగింది, మంచి ప్రశ్న. "ఇవ్వగలరా" అని అడగడంలో ఉంది. కుదరదని చెప్పడానికి ఆయనకు దారి వదలడంలో ఉంది. ఆయన వెతుక్కోనక్కర్లేకుండా వివరాలన్నీ ఒకచోట పెట్టడంలో ఉంది. విషయం అర్థమయ్యాక ఆమెకు రెండో ఈమెయిల్ రాయడానికి నా సాయం అవసరం పడలేదు.

దీనికి పూర్తిగా తిరగబడ్డ ఉదాహరణలూ చూస్తుంటాను. ముక్కుసూటిగా మాట్లాడటమే నిజాయితీ అనుకునే చోటు నుంచి వచ్చిన విద్యార్థి తన ప్రొఫెసర్‌కు "సిఫారసు లేఖ గురువారంలోగా పంపండి, ఫారం జత చేశాను" అని రాశాడు. వ్యాకరణంలో ఒక్క తప్పు లేదు. ఆ తప్పు లేకపోవడమే అతనికి చేటు చేసింది. భాష తడబడుతూ ఉంటే కొత్తవాడు కదా అని సర్దుకునేవారు. ఇంత చక్కగా రాయగలిగినవాడు ఇలా రాశాడంటే కావాలనే రాశాడని తీర్మానించేశారు.

భాషాశాస్త్రవేత్త జెన్నీ థామస్ 1983లో సరిగ్గా ఈ విషయాన్నే పట్టుకున్నారు. వ్యాకరణం తప్పితే వినేవారు భాష సరిగా రాదనుకుంటారు. మాట తీరు తప్పితే మనిషే మంచివాడు కాదనుకుంటారు. ధారాళంగా మాట్లాడేవారి విషయంలో ఇది మరీ ఎక్కువ. మీరు బాగా నేర్పిన కొద్దీ, ఈ రెండో సంగతి నేర్పకపోతే, విద్యార్థికి ప్రమాదం పెరుగుతుంది. ఈ మాట రాస్తున్నప్పుడు నాకు మీ శ్రమ గుర్తుంది. ఆ శ్రమ వృథా పోకూడదనే రాస్తున్నాను.

ఇంకో పరిశోధన నేరుగా మీకు సంబంధించినది. కాథ్లీన్ బార్డొవి-హార్లిగ్, జోల్తాన్ డోర్నెయ్ 1998లో ప్రచురించారు. కొన్ని వాక్యాల్లో వ్యాకరణ దోషం, కొన్నింటిలో మాట తీరు దోషం పెట్టి, ఏ తప్పు ఎంత పెద్దదో చెప్పమని ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవారినీ వాళ్ల ఉపాధ్యాయులనూ అడిగారు. హంగేరీలో, అంటే సొంత దేశంలో ఉండి నేర్చుకుంటున్నవారికి వ్యాకరణ దోషాలే పెద్దవిగా కనిపించాయి. అమెరికాలో ఉండి నేర్చుకుంటున్నవారికి మాట తీరు దోషాలే పెద్దవిగా కనిపించాయి. ఉపాధ్యాయుల తీర్పు కూడా అలాగే చీలింది. ఈ చివరి సంగతిని మీరు ఒకసారి ఆలోచించాలని నా కోరిక. సొంత దేశంలో కూర్చుని పాఠం చెప్పేవారికి ఏది కనబడదో, అవతల ఒడ్డున దిగిన విద్యార్థికి మొదటి వారంలోనే అది ఎదురవుతుంది.

ఎందుకు కనబడదో చెప్పడం కష్టం కాదు. పరీక్ష ఏది అడిగితే తరగతి అదే నేర్పుతుంది. విదేశీ చదువులకు ఇంగ్లిష్ స్థాయిని కొలిచే ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే పరీక్షనే తీసుకోండి. 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగు కొలమానాల మీద మార్కులు వేస్తారు. భాషా స్థాయి కొలవడానికి అది సరైన పరీక్షే, దానితో నాకు పేచీ లేదు. కానీ అందులో ప్రశ్నలు వేసేది పరీక్షకుడు, జవాబు చెప్పేది విద్యార్థి. సహాయం అడగాల్సిన పని లేదు. ఎదుటివారి అభిప్రాయాన్ని కాదని, ఆ తర్వాత కూడా వారితో కలిసి పనిచేయాల్సిన పని లేదు. నలుగురు మాట్లాడుతుంటే సందు చూసి దూరాల్సిన పని అసలే లేదు. విశ్వవిద్యాలయంలో రోజూ చేయాల్సినవి ఇవే.

సందు చూసి దూరడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే విద్యార్థులు ఎక్కువగా నలిగిపోయేది ఇక్కడే. 2009లో పది భాషల సంభాషణలను పోల్చిన ఒక పరిశోధన వెలువడింది. అవును-కాదు అని జవాబు వచ్చే ప్రశ్న అడిగాక ఎదుటివారు నోరు విప్పడానికి పట్టే సగటు వ్యవధిని లెక్కగట్టారు. జపనీస్‌లో అది దాదాపు సున్నా. డేనిష్‌లో అర సెకనుకు కాస్త తక్కువ. మిగతా భాషలన్నీ ఈ రెంటి మధ్యే. మనుషులంతా దాదాపు ఒకేలా మాట అందుకుంటారని పరిశోధకులు తేల్చారు. అయితే ఆ చిన్న తేడాకే మన చెవులు ఎంత అలవాటుపడతాయంటే, పావు సెకను అటూ ఇటూ అయినా ఎదుటివారు తటపటాయిస్తున్నారనో, మీద పడిపోతున్నారనో అనిపిస్తుంది.

ఇప్పుడు సెమినార్ బల్ల చుట్టూ కూర్చున్న మీ విద్యార్థిని ఊహించుకోండి. చర్చ రెండో భాషలో నడుస్తోంది. విన్నది అర్థం చేసుకుని, చెప్పదలచుకున్నది లోపల కూర్చుకుని, వాక్యం సరిచూసుకుని నోరు తెరిచేలోపు మరో ఇద్దరు మాట్లాడేసి ఉంటారు, చర్చ ఇంకెక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. తన వంతు వస్తుందని మర్యాదగా ఎదురుచూస్తాడు. అక్కడ వంతులు లేవు. గంట గడిచాక ప్రొఫెసర్ తన కాగితంలో "చర్చలో పాల్గొనలేదు" అని రాసుకుంటాడు. చాలా కోర్సుల్లో దానికి మార్కులుంటాయి. నోరు విప్పనివాడికి ఆలోచన లేదనుకోవడం తేలిక. ఆ విద్యార్థి వ్యాసం చదివినప్పుడు గానీ ప్రొఫెసర్‌కు తెలియదు, బల్ల దగ్గర ఎంత మంచి మాట పోగొట్టుకున్నారో.

దీనికి తరగతిలో చేయించగల పనులున్నాయి. పూర్తి వాక్యం సిద్ధం కాకముందే "ఈ విషయం మీద ఒక మాట" అనేసి చోటు పట్టుకుని, ఆ తర్వాత నెమ్మదిగా చెప్పుకుపోవడం. చర్చ ముందుకు వెళ్లిపోయినా "ఇందాకటి అంశానికి ఒక్క నిమిషం వెనక్కి వస్తాను" అని వెనక్కి తీసుకురావడం. చెయ్యి కాస్త ఎత్తి, మాట్లాడుతున్నవారి వైపు వంగి, ఊపిరి తీసుకుని చోటు అడగడం. వినడానికి చిన్నవి. వీటిని ఓ గంటసేపు నలుగురైదుగురితో గట్టిగా సాధన చేయించి చూడండి. మొదటి పది నిమిషాలు అందరూ నీళ్లు నములుతారు. ఆ తర్వాత గొంతులు లేస్తాయి.

మీ సొంత తరగతి గురించి కూడా ఒక మాట, తప్పుగా తీసుకోవద్దు. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970ల నాటికే సైన్స్ తరగతులను రికార్డు చేసి పరిశీలించారు. ప్రశ్న అడిగిన ఉపాధ్యాయులు జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచగానే జవాబులు పొడవయ్యాయి, పిలవకుండానే మాట్లాడేవాళ్లు పెరిగారు, జవాబే రాకపోవడం తగ్గింది. మీరు "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అడిగి వెంటనే తర్వాతి పేజీకి వెళ్తే, అక్కడున్న విద్యార్థి నేర్చుకునేది ఆ ప్రశ్నకు జవాబు అక్కర్లేదన్న పాఠమే. ఆ పాఠాన్ని పెట్టెలో పెట్టుకుని ఇక్కడికి వస్తాడు. ఇక్కడ ప్రొఫెసర్ అదే ప్రశ్న నిజంగా అడుగుతాడు.

పిలుపుల సంగతి, సమయం సంగతి చిన్నవే అయినా మొదటి వారంలో కంగారు పెడతాయి. స్వీడన్‌లో విద్యార్థులు ప్రొఫెసర్‌ను పేరుతోనే పిలుస్తారు. 1967లో అక్కడి వైద్య శాఖ అధిపతి బ్రూర్ రెక్సెడ్ తన సిబ్బంది అందరినీ "నువ్వు" అనే పిలుస్తానని ప్రకటించాడు. అప్పటికే మొదలైన మార్పు ఆయన పేరుతో ముడిపడిపోయింది. జర్మనీ విశ్వవిద్యాలయాల్లో మాత్రం ప్రొఫెసర్‌కు, విద్యార్థికి మధ్య ఇంటిపేరు, "మీరు" సర్వసాధారణం. అదే జర్మనీలో 10 గంటలకని రాసి ఉన్న ఉపన్యాసం 10:15కి మొదలయ్యే పాత ఆనవాయితీ ఉంది. టైంటేబుల్‌లో "సి.టి." అని ఉంటే పావుగంట తర్వాత, "ఎస్.టి." అని ఉంటే సరిగ్గా గంటకే. ప్రొఫెసర్‌తో విడిగా పెట్టుకున్న అపాయింట్‌మెంటుకు ఈ పావుగంట వర్తిస్తుందనుకుంటే మాత్రం చిక్కే. ఇవన్నీ మీరు బట్టీ పట్టించనక్కర్లేదు. "మిమ్మల్ని ఏమని పిలవాలి?" అని మొదటి రోజే అడగవచ్చని, అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరని చెప్పి పంపితే చాలు.

తలూపడం అంత చిన్న విషయం కాదు. వింటున్నానని తెలియజేయడానికి మధ్యమధ్యలో ఊఁ కొట్టడం, తలూపడం చాలా భాషల్లో ఉంది. జపనీస్ మాట్లాడేవారు దీన్ని మరీ తరచుగా చేస్తారు. ఫిన్లాండ్‌లాంటి చోట్ల నిశ్శబ్దంగా వినడమే గౌరవం. మొదటి అలవాటున్న విద్యార్థి వింటున్నాననే అర్థంలో తలూపుతుంటే, అవతలివారు ఒప్పుకుంటున్నాడనో, పూర్తిగా అర్థమైందనో అనుకుంటారు. అద్దె ఒప్పందం దగ్గర, ప్రయోగశాలలో భద్రతా సూచనల దగ్గర, డాక్టర్ దగ్గర ఇది ఎంత దూరం పోగలదో మీరే ఊహించుకోండి. అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటం అడ్డొస్తుంది, చెప్పకపోతే పని చెడుతుంది. ఈ రెంటి మధ్య ఒక మార్గం ఉంది, విన్నదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పడం. "అంటే నేను ముందు వాల్వు మూసి, ఆ తర్వాత స్విచ్ ఆపాలి, అంతేనా?" అర్థం కాలేదని ఒప్పుకున్నట్టూ ఉండదు, తప్పుంటే అప్పుడే దొరికిపోతుంది. నేను నేర్పేవాటిలో విద్యార్థులు అన్నిటికంటే త్వరగా అందిపుచ్చుకునేది ఇదే. వాళ్ల మర్యాదను వదులుకోనక్కర్లేదు కాబట్టి.

పరిశోధన విద్యార్థుల విషయంలో మరో రకం చిక్కు ఉంది. సూపర్‌వైజర్ "ఈ అధ్యాయాన్ని ఇంకోలా కూడా చూడవచ్చేమో" అంటాడు. ఆజ్ఞలకు అలవాటుపడ్డ విద్యార్థి దాన్ని సలహాగా తీసుకుని, నచ్చలేదు కాబట్టి పక్కనపెడతాడు. సూపర్‌వైజర్ ఉద్దేశం మాత్రం దాన్ని మార్చి తీరాలని. కొన్ని నెలలు పోయాక అదే అధ్యాయం మళ్లీ వచ్చేసరికి సూపర్‌వైజర్ ముఖం మారిపోతుంది. వేరొక చోట సూపర్‌వైజర్ "ఇది బాగాలేదు, మొత్తం తిరగరాయి" అని ముఖం మీదే అంటాడు, ఆ పూటే నవ్వుతూ పలకరిస్తాడు. మెత్తటి మాటలకు అలవాటుపడ్డ అమ్మాయి ఆ రాత్రి నిద్రపోదు. ఇద్దరికీ ఒకటే ప్రశ్న పనికొస్తుంది: "ఇవాళ చెప్పినవాటిలో తప్పనిసరిగా మార్చాల్సినవి ఏవి, ఆలోచించి చూడాల్సినవి ఏవి?" సమావేశం కాగానే ఆ జవాబును ఈమెయిల్‌లో రాసి పంపించుకుంటే ఇంకా మంచిది.

ఆఫీస్ అవర్స్ గురించి ప్రత్యేకంగా అడుగుతున్నాను. అమెరికాలోనూ ఇంకా చాలాచోట్లా ప్రొఫెసర్లు వారంలో కొన్ని గంటలు విద్యార్థుల కోసమే గదిలో కూర్చుంటారు. ఆ సమయంలో తలుపు తట్టడం తప్పేమీ కాదు, దానికోసమే అది పెట్టారు. అవి ప్రొఫెసర్ తన పని చేసుకునే గంటలని, అప్పుడు విసిగించకూడదని నమ్మి సెమిస్టర్ మొత్తం గడిపేసిన విద్యార్థులు నాకు తెలుసు. పెద్ద సమస్య ఉంటేనే వెళ్లాలనుకునేవాళ్లు ఇంకా ఎక్కువ. "పోయిన వారం పాఠంలో ఈ భాగం ఇలా అర్థమైంది, సరేనా?" అన్నంత చిన్న ప్రశ్నతో వెళ్లవచ్చు. రేపు సిఫారసు లేఖ రాయాల్సి వచ్చినప్పుడు ఆ ప్రొఫెసర్‌కు గుర్తుండేది అలా వచ్చినవాళ్లే.

మీలో కొందరు ఇప్పటికే "సంస్కృతి" పేరుతో ఒక గంట కేటాయిస్తున్నారని తెలుసు. విద్యార్థులు ఆ స్లైడ్లు నాకు చూపిస్తుంటారు. బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే ఔనని, ఫలానా దేశంవాళ్లు ఇలాంటివాళ్లని, దేశానికో మార్కుతో పట్టికలు. ఆ మార్కుల్లో ఎక్కువ భాగం డచ్ సామాజిక మనస్తత్వవేత్త గీర్ట్ హోఫ్‌స్టెడ్ పరిశోధన నుంచి వచ్చినవి. 1967 నుంచి 1973 మధ్య ఐబీఎమ్ ఉద్యోగులు నింపిన ప్రశ్నావళుల ఆధారంగా ఆయన వాటిని తయారుచేసి 1980లో ప్రచురించాడు. దేశాల సగటులను పోల్చడానికి చేసిన ప్రయత్నం అది. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి ఎలా మాట్లాడతాడో అది చెప్పదు. ఆ పట్టిక పట్టుకుని వచ్చిన విద్యార్థి తన ప్రొఫెసర్‌ను చూడకుండా పట్టికనే చూస్తాడు. పైగా ఒకే విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ ల్యాబ్ మాట తీరు వేరు, తత్వశాస్త్రం సెమినార్ మాట తీరు వేరు. ప్రొఫెసర్ కూడా వేరే దేశం నుంచి వచ్చినవారే కావచ్చు.

స్లైడ్లలో ఇంకొకటి తప్పకుండా ఉంటుంది. మొదట ఉత్సాహం, తర్వాత కుంగుబాటు, ఆపైన కోలుకోవడం అనే వంపు గీత. నార్వే నుంచి అమెరికా వెళ్లి వచ్చిన స్కాలర్ల అనుభవాల ఆధారంగా సామాజికశాస్త్రవేత్త లిస్‌గార్డ్ 1955లో ప్రతిపాదించిందది. "కల్చర్ షాక్", అంటే కొత్త సంస్కృతిలో పడ్డప్పుడు కలిగే కంగారు, దాని దశల గురించి మానవశాస్త్రవేత్త కలెర్వో ఒబెర్గ్ 1960లో రాసిన వ్యాసం దానికి తోడైంది. అయితే న్యూజిలాండ్‌లో చదువుతున్న జపాన్ విద్యార్థులను దిగిన రోజు నుంచీ గమనించిన పరిశోధన ఒకటి 1998లో వచ్చింది. వాళ్లు ఎక్కువగా ఇబ్బందిపడ్డది సరిగ్గా దిగిన తొలి రోజుల్లోనే. మొదట్లో అంతా సంబరంగా ఉంటుందని చెప్పి పంపితే, రెండో రోజే బెంగపడ్డ విద్యార్థి తనలోనే ఏదో లోపముందనుకుంటాడు. సాయం కావలసింది మొదటి వారాల్లోనే అయితే, సాధన అంతకు ముందే జరగాలి. అది మీ చేతుల్లో ఉంది.

"మనవాళ్లతో తిరగొద్దు, అక్కడివాళ్లతోనే కలవండి" అన్న సలహా కూడా దయచేసి మానేయండి. స్టీఫెన్ బోక్నర్, అతని సహచరులు 1977లో హవాయిలోని విదేశీ విద్యార్థుల స్నేహాలను పరిశీలించారు. సొంత దేశంవాళ్లు, ఆ దేశంవాళ్లు, ఇతర దేశాల నుంచి వచ్చినవాళ్లు, ఇలా మూడు రకాల స్నేహాలు ఒక్కో అవసరం తీరుస్తాయని చెప్పారు. మనసులో మాట చెప్పుకోవడానికి మొదటివాళ్లు, చదువు వ్యవహారాలకు రెండోవాళ్లు, కాలక్షేపానికి మూడోవాళ్లు. రోజంతా ఆచితూచి మాట్లాడి అలిసిపోయినవాళ్లకు, సాయంత్రం ఒక గంటైనా వాక్యం కూర్చుకోకుండా మాట్లాడుకునే చోటు కావాలి. దాన్ని తప్పని ముద్ర వేసి పంపితే ఆ గంట కూడా వాళ్లకు మనశ్శాంతి ఉండదు.

ఈ బరువంతా విద్యార్థి మీదే వేయడం న్యాయం కాదన్నది నా గట్టి అభిప్రాయం. ప్రొఫెసర్ ఆ మొదటి ఈమెయిల్ చదివి "మీకు గడువు కావాలా? ఎన్ని రోజులు?" అని అడిగి ఉంటే కథ అక్కడే ముగిసేది. సెమినార్‌లో మూడు సెకన్లు ఆగడం, వంతులవారీగా అడగడం, ప్రశ్నలు ముందే పంపడం ఆతిథ్యమిచ్చే విశ్వవిద్యాలయాల బాధ్యత. నేను పనిచేసే చోట ఆ మాట ప్రతి సమావేశంలోనూ అంటున్నాను, అంటూనే ఉంటాను. అక్కడ మార్పు వచ్చేలోపు మీ తర్వాతి బ్యాచ్ బయలుదేరుతుంది. అందుకే మీకు రాస్తున్నాను.

మీ విద్యార్థులను మారిపొమ్మని చెప్పమనడం లేదు. పెద్దల పట్ల వాళ్లకున్న గౌరవం, మాట తూలకుండా జాగ్రత్తపడే గుణం విలువైనవి. గ్రూపు పనుల్లో అందరినీ కలుపుకుపోయేవాళ్లుగా, గొడవ ముదరకముందే పసిగట్టేవాళ్లుగా వాళ్లను నేను రోజూ చూస్తున్నాను. ఆ గుణాలు ఇక్కడివాళ్లకు కనిపించాలంటే పైకి వచ్చే మాట ఒకటి కావాలి. అది ఇస్తే చాలు.

మీ మాట్లాడే తరగతుల్లో నాలుగోవంతు సమయం దీనికి ఇవ్వండి. ఇప్పటికే విదేశంలో చదువుతున్న మీ పాత విద్యార్థిని వీడియో కాల్‌లోకి పిలిచి ప్రొఫెసర్ పాత్ర వేయించండి. మీ విద్యార్థి గడువు అడగాలి, ఆ ప్రొఫెసర్ ఒకసారి ఒప్పుకోవాలి, ఒకసారి కుదరదనాలి, ఇంకోసారి ఏమీ తేల్చకుండా దాటవేయాలి. ఆ మూడోసారి ఏం చేయాలన్నదే అసలు పాఠం. ఒక ఈమెయిల్ రాయించి, పక్కవాడికి ఇచ్చి, "ఇందులో ఏం అడుగుతున్నారు?" అని రాయమనండి. అతను రాయలేకపోతే ఈమెయిల్ తిరగరాయాలి. గ్రూపు సభ్యుడు తన వంతు పని చేయకపోతే ఏమనాలో, ఇంట్లో కలిసి ఉండేవాళ్లు రాత్రి గోల చేస్తే తలుపు తట్టి ఏమనాలో, పార్ట్‌టైమ్ పని ఇచ్చినవారు అదనపు షిఫ్టు అడిగితే పరీక్ష ఉందని ఎలా కాదనాలో నోటితో పలికించండి. మనసులో అనుకోవడం వేరు, నోటితో పలకడం వేరు. మొదటిసారి పలికేది మీ గదిలో అయితే నష్టం ఉండదు.

నా దగ్గర ఇన్నేళ్లుగా విద్యార్థుల అనుమతితో దాచిన ఈమెయిళ్లున్నాయి, మొదట రాసినవీ తిరగరాసినవీ పక్కపక్కనే. పేర్లు, వివరాలు తీసేసి మీకు పంపగలను. మీ తరగతికి ఆన్‌లైన్‌లో వచ్చి ఆ ఏమీ తేల్చని ప్రొఫెసర్ పాత్ర నన్నే వేయమన్నా వేస్తాను. మీ తర్వాతి బ్యాచ్ ప్రయాణానికి కనీసం నెల రోజుల ముందు మొదలుపెడితే, ఒక్కొక్కరికీ రెండుసార్లయినా సాధన దొరుకుతుంది.

ఇట్లు,
విదేశీ విద్యార్థులతో పనిచేసే ఒక అధ్యాపకురాలు